కీళ్లవాతం జన్యుమూలాల వెంట ఒక వైద్యుడి నాలుగు దశాబ్దాలు

ఒంట్లోకి చొరబడే సూక్ష్మజీవులను గుర్తించి మట్టుపెట్టవలసిన రోగనిరోధక వ్యవస్థ గురి తప్పి సొంత కణజాలం మీదే దాడికి దిగినప్పుడు పుట్టుకొచ్చే జబ్బులను ఆటోఇమ్యూన్ వ్యాధులు అంటారు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేసే టైప్-1 మధుమేహం, థైరాయిడ్ గ్రంథిని క్షీణింపజేసే హషిమోటో వ్యాధి, చర్మం మొదలుకొని మూత్రపిండాల దాకా దేన్నయినా పట్టుకోగల లూపస్, చర్మపు రంగును హరించే బొల్లి ఈ కోవలోవే. వీటిలో ఎక్కువమందిని బాధించే వాటిలో ఒకటి రుమటాయిడ్ ఆర్థరైటిస్. కీళ్లవాతం అని ఇళ్లలో చెప్పుకునే నొప్పులన్నీ ఇవి కావు. వయసు పైబడ్డాక మోకాళ్లలోని మృదులాస్థి అరిగిపోవడం వల్ల వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. ఇది నడివయసులోనే, ఒక్కోసారి ఇంకా ముందే, పురుషులకంటే స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. వేళ్ల కణుపులు, మణికట్లు వంటి చిన్న కీళ్లలో మొదలై, కీలు లోపలి పలుచని పొరను వాపెక్కించి, సకాలంలో పట్టించుకోకపోతే ఎముకను సైతం తినివేసి చేతులను వంకర తిప్పుతుంది. ఢిల్లీ సమీప గ్రామాల్లో జరిపి 1993లో ప్రచురించిన ఒక అధ్యయనం వయోజనుల్లో 0.75 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు లెక్కగట్టింది.

ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో పదేపదే కనబడుతుందని వైద్యులు చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నారు. అది ఎంతవరకు వంశపారంపర్యం అన్న ప్రశ్నకు కవలల అధ్యయనాలు స్పష్టమైన సమాధానం ఇచ్చాయి. ఒకే అండం నుంచి పుట్టి, జన్యువులన్నీ ఒకేలా ఉన్న కవలల్లో ఒకరికి ఈ వ్యాధి వస్తే రెండోవారికి కూడా వచ్చే అవకాశం సుమారు 15 శాతం. వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలల్లో అది 4 శాతానికి లోపే. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, జన్యువుల పాత్ర నిస్సందేహంగా ఉందని ఎంత తేటగా తెలుస్తుందో, అచ్చంగా అవే జన్యువులు ఉన్నవారిలో సైతం 85 శాతం మంది ఈ వ్యాధికి దూరంగా ఉంటున్నారని అంతే తేటగా తెలుస్తుంది. ఇంతకీ తల్లిదండ్రుల నుంచి బిడ్డకు సంక్రమిస్తున్నది ఏమిటి, అది శరీరంలో ఏం చేస్తోంది, దాన్ని రెచ్చగొట్టే రెండో కారణం ఏది అనే మూడు ప్రశ్నలకు నాలుగు దశాబ్దాల పాటు సమాధానాలు వెతికిన వైద్య శాస్త్రవేత్తల్లో అమెరికాకు చెందిన పీటర్ గ్రెగర్సన్ ముఖ్యులు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేసి, కీళ్లవ్యాధుల వైద్యంలో తర్ఫీదు పొందిన ఆయన, తర్వాత లాంగ్ ఐలాండ్‌లోని మన్‌హాసెట్‌లో ఉన్న ఫైన్‌స్టైన్ పరిశోధనా సంస్థలో మానవ జన్యుశాస్త్ర కేంద్రానికి అధిపతి అయ్యారు. రోగిని పరీక్షించే చదువునూ అణువులను పరిశీలించే పనినీ ఒక్కచోటికి చేర్చిన వారిని వైద్య శాస్త్రవేత్తలు అంటారు. ఆ రెండూ ఒక్కరిలో ఉండటం ఈ కథలో ఎంత అవసరమైందో ముందు ముందు తెలుస్తుంది.

గ్రెగర్సన్ పరిశోధన మొదలుపెట్టేనాటికి ఒక ఆచూకీ దొరికి ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ దోసే 1958లో తెల్ల రక్తకణాల మీద గుర్తించిన ఒక ప్రత్యేక ప్రొటీన్‌తో మొదలైన శాస్త్రం, తర్వాతి కాలంలో హెచ్‌ఎల్‌ఏ అనే పెద్ద ప్రొటీన్ల కుటుంబాన్ని వెలుగులోకి తెచ్చింది. ఆరో క్రోమోజోము మీద గుంపుగా ఉన్న జన్యువుల నుంచి తయారయ్యే ఈ ప్రొటీన్లు మనిషికీ మనిషికీ ఎంతో తేడాగా ఉంటాయి. అవయవ మార్పిడిలో దాత, గ్రహీతల మధ్య పొంతన చూసేది ప్రధానంగా వీటినే. 1973లో హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే రకం ఉన్నవారికి వెన్నెముకను బిగుసుకుపోయేలా చేసే ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ వ్యాధి ఎక్కువగా వస్తుందని లండన్‌లోనూ లాస్ ఏంజిలిస్‌లోనూ విడివిడిగా తేలడంతో, కీళ్ల వైద్యులందరి చూపూ ఇటు మళ్లింది. టెక్సస్ రాష్ట్రం డాలస్‌లో పనిచేస్తున్న పీటర్ స్టాస్ట్నీ 1978లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల్లో 70 శాతం మందికి డీఆర్4 అనే రకం ఉందనీ, ఆరోగ్యవంతుల్లో అది 28 శాతం మందికే ఉందనీ ప్రకటించారు.

అంత పెద్ద తేడా యాదృచ్ఛికం కాదు. అయినా లెక్క కుదరలేదు. డీఆర్4 లేని రోగులు కూడా గణనీయంగా ఉన్నారు. కొన్ని జాతుల్లో రోగుల దగ్గర డీఆర్4కు బదులు డీఆర్1 ఎక్కువగా కనబడింది. బ్రిటన్‌లో స్థిరపడిన భారతీయ రోగుల్లో డీఆర్1, డీఆర్10 ముందుకొచ్చాయి. అన్నిటికంటే చిక్కుముడి డీఆర్4 లోపలే ఉంది. ఆనాటి పద్ధతుల్లో డీఆర్4 అని ఒకే పేరుతో పిలిచే రకంలో నిజానికి అనేక ఉపరకాలు ఉన్నాయి. వాటిలో కొన్ని వ్యాధితో గట్టిగా ముడిపడి ఉండగా, యూదుల్లో ఎక్కువగా కనిపించే డీడబ్ల్యూ10 అనే ఉపరకానికి మాత్రం వ్యాధితో ఏ సంబంధమూ కనబడలేదు. పేరు ఒకటే అయినవి వేర్వేరుగా ప్రవర్తిస్తూ, పేర్లు వేరైనవి ఒకేలా ప్రవర్తిస్తున్నప్పుడు, పేరును పక్కనపెట్టి ప్రొటీన్ నిర్మాణాన్నే చదవాలి. ఆ పని చేయడానికి కావలసిన డీఎన్‌ఏ పద్ధతులు సరిగ్గా 1980ల తొలి సంవత్సరాల్లో అందుబాటులోకి వచ్చాయి.

న్యూయార్క్‌లో గ్రెగర్సన్, అణుజీవశాస్త్రజ్ఞుడు జాక్ సిల్వర్, తెల్లకణాల ఉపరితల ప్రొటీన్ల మీద అంతకుముందే పేరున్న కీళ్లవైద్యుడు రాబర్ట్ వించెస్టర్ కలిసి డీఆర్4 ఉపరకాల జన్యువులను ఒక్కొక్కటిగా విడదీసి, వాటి అక్షర క్రమాన్ని చదివారు. 1986లో ఆ వైవిధ్యాన్ని వర్ణించే పత్రం వెలువడింది. 1987లో దాని నుంచి పుట్టిన ఆలోచన ఆర్థరైటిస్ అండ్ రుమటిజం పత్రికలో అచ్చయింది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలు ఒక వరుసలో గుచ్చుకొని ఏర్పడే గొలుసు. డీఆర్ ప్రొటీన్‌లో బీటా గొలుసు అనే భాగంలో 70 నుంచి 74 దాకా ఉన్న ఐదు స్థానాలను పోల్చి చూసినప్పుడు, వ్యాధితో ముడిపడిన రకాలన్నిటిలోనూ దాదాపు ఒకే వరుస కనబడింది. ఒక డీఆర్4 ఉపరకంలో అది గ్లూటమిన్, లైసిన్, ఆర్జినిన్, అలనిన్, అలనిన్. మరో ఉపరకంలోనూ డీఆర్1లోనూ లైసిన్ స్థానంలో ఆర్జినిన్. డీఆర్10లో మొదటి స్థానంలో కూడా ఆర్జినిన్. లైసిన్, ఆర్జినిన్ రెండూ ధన విద్యుదావేశం ఉన్న అమైనో ఆమ్లాలు కనుక ఒకదాని బదులు మరొకటి రావడం స్వభావాన్ని పెద్దగా మార్చదు. వ్యాధితో సంబంధం లేని డీడబ్ల్యూ10లో మాత్రం 70, 71 స్థానాల్లో రుణావేశం ఉన్న ఆస్పార్టిక్, గ్లూటమిక్ ఆమ్లాలు ఉన్నాయి. బయటికి వేర్వేరు జాతుల్లో వేర్వేరు పేర్లతో కనబడిన ప్రమాదకర రకాలన్నీ లోపల ఒకే చిన్న ముక్కను పంచుకుంటున్నాయని ముగ్గురూ ప్రతిపాదించారు. షేర్డ్ ఎపిటోప్ పరికల్పన అని వైద్యగ్రంథాల్లో ఈనాటికీ చదివేది దీన్నే.

పదేళ్లుగా పోగుపడిన, ఒకదానికొకటి పొసగని పరిశీలనలను ఐదు అమైనో ఆమ్లాలు ఒక్క తాటిమీదికి తెచ్చాయి. అంతకంటే విలువైన సంగతి మరొకటి ఉంది. ఫలానా రకం ఉన్నవారికి జబ్బు ఎక్కువ అని చెప్పడంతో ఆగిపోయే శాస్త్రం గణాంకాలను దాటి ముందుకు పోలేదు. ఫలానా స్థానంలో ఫలానా ఆవేశం ఉంటే జబ్బు ఎక్కువ అని చెప్పినప్పుడు ఎందుకు అన్న ప్రశ్న రసాయనశాస్త్రం చేతికి వస్తుంది, తప్పయితే తప్పని రుజువు చేయడానికి వీలు దొరుకుతుంది. పరికల్పన అని పత్రం పేరులోనే రాసుకోవడం గమనించదగిన నిజాయితీ.

అదే 1987లో హార్వర్డ్‌లో పమేలా బ్యోర్క్‌మన్, డాన్ వైలీ, జాక్ స్ట్రామింజర్ బృందం ఒక హెచ్‌ఎల్‌ఏ అణువు త్రిమితీయ ఆకృతిని తొలిసారి బయటపెట్టింది. ఆ ఆకృతి పైభాగంలో ఒక గాడి ఉంది. కణంలో ముక్కలైన ప్రొటీన్లలోంచి పెప్టైడ్ అనే చిన్న తునకను ఆ గాడిలో దోసిలి పట్టినట్టు పట్టి, కణం పైకి తెచ్చి, టి-కణాలు అనే తెల్ల రక్తకణాలకు చూపడమే హెచ్‌ఎల్‌ఏ అణువుల పని. చూపిన తునక పరాయిదని తోస్తే టి-కణం రెచ్చిపోతుంది, తనదే అయితే ఊరుకుంటుంది. ఆ తర్వాత 1993లో డీఆర్ అణువు ఆకృతి కూడా తెలిశాక, గ్రెగర్సన్ బృందం చెప్పిన 70-74 స్థానాలు సరిగ్గా ఈ గాడి అంచున, పెప్టైడ్‌లోని నాలుగో ముఖ్యస్థానం కూర్చునే గుంట చుట్టూ ఉన్నాయని స్పష్టమైంది. అయితే ఆ గుంటలో కూర్చునేది ఏమిటో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. ఆ జవాబుకు మరో పదేళ్లు పట్టింది.

ఈలోగా గ్రెగర్సన్ మరో దిక్కున పని ప్రారంభించారు. హెచ్‌ఎల్‌ఏ ప్రాంతం ఈ వ్యాధి జన్యుభారంలో సుమారు మూడో వంతును మాత్రమే వివరిస్తుందని అంచనాలు చెబుతున్నాయి. మిగతా జన్యువులు ఇరవైమూడు జతల క్రోమోజోముల్లో ఎక్కడైనా ఉండవచ్చు. వాటిని వెతకడానికి ఒక ఆసుపత్రి రోగులు చాలరు కనుక, 1990ల చివరిలో అమెరికాలోని అనేక వైద్య కేంద్రాలు కలిసి ఉత్తర అమెరికా రుమటాయిడ్ ఆర్థరైటిస్ కన్సార్షియం పేరిట ఒక కూటమిగా ఏర్పడ్డాయి. దాన్ని నడిపినవారిలో గ్రెగర్సన్ ముందున్నారు. తోబుట్టువుల్లో ఇద్దరికైనా వ్యాధి ఉన్న కుటుంబాలను వెతికి పట్టుకొని, ప్రతి రోగి కీళ్లను వైద్యుడు స్వయంగా పరీక్షించి, చేతుల ఎక్స్‌రేలు తీసి, రక్తం సేకరించి భద్రపరిచారు. 2001లో డామిని జవహీర్ మొదటి రచయితగా వచ్చిన తొలి ఫలితాల్లో హెచ్‌ఎల్‌ఏ ప్రాంతం ప్రస్ఫుటంగా బయటపడింది. దానితోపాటు లూపస్ వంటి ఇతర ఆటోఇమ్యూన్ వ్యాధుల్లో అనుమానించిన ప్రాంతాలు కొన్ని ఇక్కడ కూడా తలెత్తాయి. వ్యాధులు వేరైనా వేళ్లు కలుస్తున్నాయన్న అనుమానానికి అది బలం ఇచ్చింది.

రోగ నిర్ధారణలో నిక్కచ్చిగా ఉండటం ఇటువంటి పనికి పునాది. వైరల్ జ్వరం తర్వాత వచ్చే కీళ్లనొప్పులవారినీ అరుగుదల వల్ల బాధపడేవారినీ పొరపాటున రోగుల జాబితాలో చేరిస్తే, ఎంత ఖరీదైన జన్యుయంత్రం అయినా అబద్ధమే చెబుతుంది. ఎవరిని రోగిగా లెక్కించాలో తెలిసిన వైద్యుడు, ఆ రక్తంలో ఏం వెతకాలో తెలిసిన శాస్త్రవేత్త ఒకే మనిషి కావడం వల్ల కలిగే ప్రయోజనం ఇక్కడ కనిపిస్తుంది.

ఆ సేకరణ 2004లో పెద్ద ఫలం ఇచ్చింది. కాలిఫోర్నియాలోని సెలెరా డయాగ్నస్టిక్స్ సంస్థకు చెందిన ఆన్ బెగోవిచ్ బృందం, గ్రెగర్సన్ కూటమి నమూనాల సాయంతో, పీటీపీఎన్22 అనే జన్యువులో ఒకే ఒక అక్షరం మారడం వల్ల రుమటాయిడ్ ఆర్థరైటిస్ ముప్పు పెరుగుతోందని కనుగొంది. ఆ అక్షరం మారినప్పుడు ప్రొటీన్‌లో 620వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు ట్రిప్టోఫాన్ చేరుతుంది. అమెరికాలోని శ్వేతజాతీయుల్లో సుమారు 17 శాతం మందికి ఈ మార్పు ఉండగా, వారిలోని రోగుల్లో అది 28 శాతం మందికి ఉంది. అదే ఏడాది నూన్సియో బొత్తీనీ బృందం ఇదే మార్పును టైప్-1 మధుమేహంలోనూ గుర్తించింది. ఆ వెంటనే లూపస్‌తోనూ, అనేక కుటుంబాలను పోల్చి 2005లో గ్రెగర్సన్ సహచరులు ప్రచురించిన పరిశోధనలో హషిమోటో థైరాయిడ్ వ్యాధితోనూ దీని సంబంధం రుజువైంది. మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల వ్యాధితో మాత్రం సంబంధం కనబడలేదు. ఒక ఇంట్లో తల్లికి థైరాయిడ్, కూతురికి కీళ్లవాతం, మేనత్తకు లూపస్ ఎందుకు వస్తాయన్న ప్రశ్నకు అణుస్థాయిలో దొరికిన తొలి గట్టి సమాధానాల్లో ఇది ఒకటి.

పీటీపీఎన్22 తయారుచేసే ఎంజైము, సీఎస్‌కే అనే మరో ఎంజైముతో జతకట్టి, టి-కణాల్లోనూ బి-కణాలు అనే మరో రకం తెల్ల రక్తకణాల్లోనూ పుట్టే ఉద్రేక సంకేతాలను అదుపులో పెడుతుంది. 620వ స్థానంలోని మార్పు ఆ జతను విడగొడుతుంది. కాబట్టి అదుపు తప్పి కణాలు మితిమీరి ఉద్రేకపడతాయని మొదట అందరూ భావించారు. తీరా మనుషుల టి-కణాల్లో 2005లో పరీక్షించినప్పుడు సంకేతం తగ్గినట్లు తేలింది, ఎలుకల్లో చేసిన ప్రయోగాలు మరో విధంగా చెప్పాయి. ఈ వైరుధ్యం ఏళ్ల తరబడి సాగింది. జన్యువు పేరు తెలిసినంత మాత్రాన వ్యాధి అర్థమైనట్టు కాదని దీన్ని మించి చెప్పే ఉదాహరణ ఉండదు. ముప్పును కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఈ మార్పు ఒక ప్రతిగా ఉన్నవారికి ప్రమాదం దాదాపు రెండు రెట్లు అవుతుంది. వ్యాధి సహజంగా వందలో ఒకరికి వస్తుందనుకుంటే, ఈ మార్పు ఉన్న వందమందిలో ఇద్దరికి వస్తుంది, మిగతా 98 మందికి రాదు.

2007 తర్వాత ప్రవాహం వేగం పుంజుకుంది. లక్షలాది స్థానాలను ఒకేసారి చదివే డీఎన్‌ఏ చిప్‌లు చౌకబడటంతో, వేలమంది రోగులను వేలమంది ఆరోగ్యవంతులతో మొత్తం జన్యురాశి పొడుగునా పోల్చే అధ్యయనాలు సాధ్యమయ్యాయి. ఆ ఏడాదే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో గ్రెగర్సన్ భాగస్వామిగా ఉన్న రెండు పత్రాలు వచ్చాయి: ఒకటి రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కూ లూపస్‌కూ ఉమ్మడి అయిన స్టాట్4 జన్యువు గురించి, రెండోది తొమ్మిదో క్రోమోజోము మీది ట్రాఫ్1-సీ5 ప్రాంతం గురించి. 2014 నాటికి లక్షకు పైగా మనుషుల నమూనాలతో ఈ వ్యాధికి సంబంధించిన 101 జన్యుస్థానాలు లెక్కకొచ్చాయి. వాటిలో చాలావరకు ముప్పును పది, ఇరవై శాతమే పెంచుతాయి కాబట్టి ఒక్కొక్కటిగా చూసినప్పుడు రోగికి చెప్పదగినది ఏమీ లేదు.

అసలు మలుపు స్వీడన్ నుంచి వచ్చింది. అంతకుముందే, 1998లో, నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ రోగుల రక్తంలో ఒక ప్రత్యేకమైన యాంటీబాడీని గుర్తించారు. యాంటీబాడీ అంటే దాడిచేయవలసిన దాన్ని పట్టుకోవడానికి శరీరం తయారుచేసే ప్రొటీన్. ఈ యాంటీబాడీ పట్టుకునేది ప్రొటీన్లలోని సిట్రులిన్‌ను. సిట్రులిన్ జన్యువుల్లో రాసి ఉన్న అమైనో ఆమ్లం కాదు. ప్రొటీన్ తయారయ్యాక అందులోని ఆర్జినిన్‌ను కొన్ని ఎంజైములు మార్చడం వల్ల పుడుతుంది. ఆ మార్పులో ఆర్జినిన్‌కు ఉన్న ధనావేశం పోతుంది. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో లార్స్ క్లారెస్కోగ్ బృందం 2006లో, షేర్డ్ ఎపిటోప్ రెండు ప్రతులుగా ఉండి పొగతాగే అలవాటు కూడా ఉన్నవారికి, ఆ రెండూ లేనివారితో పోలిస్తే, సిట్రులిన్ యాంటీబాడీలతో కూడిన రుమటాయిడ్ ఆర్థరైటిస్ ముప్పు 21 రెట్లు ఎక్కువని చూపింది. పొగతాగేవారి ఊపిరితిత్తుల కణాల్లో సిట్రులిన్ ఉన్న ప్రొటీన్లు కూడా వారికి దొరికాయి. ఆ యాంటీబాడీలు లేని రకం కీళ్లవాతంలో ఇటువంటి జత ప్రభావం కనబడలేదు. అంటే ఇన్నాళ్లూ ఒకే జబ్బుగా చూసినది నిజానికి రెండు జబ్బులు కావచ్చునన్నమాట.

1987 నాటి ఐదు అమైనో ఆమ్లాలకు ఇక్కడ అర్థం దొరికింది. షేర్డ్ ఎపిటోప్‌లోని 71వ స్థానంలో ఉన్న లైసిన్ లేదా ఆర్జినిన్ వల్ల గాడిలోని నాలుగో గుంట ధనావేశంతో ఉంటుంది. మామూలు ప్రొటీన్ తునకలోని ఆర్జినిన్ కూడా ధనావేశంతోనే ఉంటుంది కనుక ఆ గుంట దాన్ని నెట్టివేస్తుంది. ఆ ఆర్జినిన్ సిట్రులిన్‌గా మారి ఆవేశం కోల్పోతే గుంటలో చక్కగా కూర్చుంటుంది. అంతవరకు టి-కణాల కంట పడని సొంత ప్రొటీన్ ముక్క ఒకటి ఇలా కణం పైకి వచ్చి, పరాయిదిగా తోచి, యాంటీబాడీల తయారీకి దారితీస్తుంది. ప్రయోగశాలలో 2003లో ఈ బంధాన్ని కొలిచారు, 2013లో ఆస్ట్రేలియాలోని జేమీ రోస్‌జాన్ బృందం స్ఫటిక చిత్రాలతో కళ్లకు కట్టింది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన గుంట ఆకారం, బయటి నుంచి వచ్చిన పొగ, వాటి మధ్య జరిగిన ఒక రసాయన మార్పు అనే మూడూ కలిసి కీలుదాకా నడిచే దారి కనీసం ఒక కొస నుంచి స్పష్టంగా కనబడింది. ఈ యాంటీబాడీలు కీళ్లు నొప్పెట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే రక్తంలో ప్రత్యక్షమవుతాయని, స్వీడన్, నెదర్లాండ్స్ రక్తదాతల పాత నమూనాలను పరీక్షించినప్పుడు తేలడం దీనికి మరింత బలమిచ్చింది.

2013లో రాయల్ స్వీడిష్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఈ పరిశోధనకు గ్రెగర్సన్, వించెస్టర్, క్లారెస్కోగ్ ముగ్గురికీ కలిపి క్రఫోర్డ్ బహుమతి ఇచ్చింది. నోబెల్ వర్తించని శాస్త్రాలకు ఉద్దేశించిన ఈ బహుమతిలో కీళ్లవ్యాధులకు చోటు దక్కడానికి కారణం, దాన్ని నెలకొల్పిన హోల్గర్ క్రఫోర్డ్ అనే పారిశ్రామికవేత్త జీవిత చరమాంకంలో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో తీవ్రంగా బాధపడటమే.

పేరు తెచ్చిన సిద్ధాంతాన్ని కాపాడుకోవడమే పనిగా పెట్టుకునే శాస్త్రవేత్తలు ఎప్పుడూ ఉంటారు. గ్రెగర్సన్ ఆ దారిన నడవలేదు. 2012లో సౌమ్య రాయ్‌చౌధురి మొదటి రచయితగా వచ్చిన పత్రం, ప్రమాదానికి 70-74 వరుస ఒక్కటే కాదు, అదే గొలుసులో 11వ స్థానం కూడా ప్రధాన కారణమని, మరో రెండు హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్లలోని స్థానాలకూ పాత్ర ఉందని లెక్కగట్టింది. పాతికేళ్ల కిందటి పరికల్పనను సవరించిన ఆ పత్రం రచయితల్లో గ్రెగర్సన్ ఉన్నారు. అదే ఏడాది ఆయన సొంత బృందం, పీటీపీఎన్22కు జోడీ అయిన సీఎస్‌కే జన్యువులో ఒక మార్పు లూపస్ ముప్పును పెంచుతుందనీ, అది బి-కణాల్లో సంకేతాలను ఎలా మారుస్తుందనీ చూపింది. గణాంకం చూపించిన జన్యువు దగ్గర నుంచి కణంలో జరిగే పని దాకా వెళ్లడం కోసం ఆయన ఫైన్‌స్టైన్‌లో ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద దాతల రిజిస్ట్రీని నెలకొల్పారు. ఫలానా జన్యుమార్పు ఉన్నవారిని, లేనివారిని దానిలోంచి ఎంచి మళ్లీ పిలిచి, తాజా రక్తకణాలను పోల్చి చూడవచ్చు. వ్యాధి గానీ మందులు గానీ కణాలను ఇంకా తాకని మనుషుల్లో జన్యువు ఒక్కటే ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన మార్గం లేదు.

ఆయన ఆసక్తులు కీళ్ల దగ్గరే ఆగలేదు. శ్రుతిపెట్టె సాయం లేకుండా విన్న స్వరాన్ని విన్నట్టే గుర్తించగల సామర్థ్యం కొందరికి పుట్టుకతో ఎలా అబ్బుతుందన్న విషయం మీద 1999 నుంచీ ఆయన పత్రాలు ప్రచురించారు. క్రిస్టీన్ మెట్జ్‌తో కలిసి, గర్భాశయం లోపలి పొర బయట పెరగడం వల్ల స్త్రీలను ఏళ్ల తరబడి నొప్పితో కుంగదీసే ఎండోమెట్రియోసిస్‌ను బహిష్టు రక్తం ద్వారానే గుర్తించే పరిశోధనను చేపట్టారు. చాలాకాలం శస్త్రచికిత్స చేస్తే తప్ప రూఢిగా తేల్చలేకపోయిన వ్యాధికి, వైద్యరంగం ఇంతకాలం పారవేసిన నమూనాలో జవాబు వెతకడం సాహసమే.

ఈ పరిశోధన ఫలితాల్లో చాలావరకు యూరప్ సంతతి ప్రజల నుంచి వచ్చినవి. పీటీపీఎన్22 మార్పు ఉత్తర యూరప్‌లో విరివిగా ఉంటుంది కానీ జపాన్, చైనా ప్రజల్లో దాదాపు కనబడదు. అక్కడ పాడీ4 అనే, ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మార్చే ఎంజైము జన్యువు 2003లోనే ముందుకొచ్చింది. భారతీయుల మీద జరిగిన పని తక్కువ. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన బి.కె. తెల్మ బృందం ఉత్తర భారత రోగుల్లో జన్యురాశి మొత్తాన్ని గాలించి, 2013లో ఏఆర్‌ఎల్15 అనే కొత్త జన్యువును ప్రకటించింది. దక్షిణాది ప్రజల విషయంలో అటువంటి పెద్ద ప్రయత్నం ఎంతో అవసరం. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో చూపినట్లు, దక్షిణాసియాలో అనేక సమూహాలు తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ రావడం వల్ల ఒక్కో సమూహంలో కొన్ని జన్యుమార్పులు అసాధారణంగా పేరుకున్నాయి. ఆ ఫలితం ముఖ్యంగా అరుదైన ఏకజన్యు వ్యాధులకు వర్తించేదే అయినా, ఒక సమూహంలో తేలిన లెక్కను మరో సమూహానికి అంటగట్టకూడదన్న హెచ్చరిక ఆటోఇమ్యూన్ వ్యాధులకూ చెల్లుతుంది. తెలుగు రాష్ట్రాల రోగుల హెచ్‌ఎల్‌ఏ వివరాలు, యాంటీబాడీ ఫలితాలు, అలవాట్లు ఒక్కచోట చేర్చి భద్రపరిస్తే తప్ప, న్యూయార్క్, స్టాక్‌హోమ్‌లలో తేలిన నిజాల్లో ఎంతభాగం ఇక్కడివారికి చెందుతుందో చెప్పడం సాధ్యం కాదు.

జన్యువుల మీద ఇంత శ్రమ చేసి రోగికి ఒరిగిందేమిటని అడగడం న్యాయమే. జన్యువు దొరకగానే మందు తయారైన సందర్భం ఈ వ్యాధిలో లేదు. ముందే వాడుకలో ఉన్న అబాటసెప్ట్, టోసిలిజుమాబ్ వంటి మందులు ఏ అణువుల మీద పనిచేస్తాయో వాటి సమీప జన్యువులు 2014 నాటి జాబితాలో కనబడటం మాత్రం, ఈ జాబితాలో భవిష్యత్తు మందుల గురులు ఉన్నాయన్న నమ్మకాన్ని పెంచింది. అంతకంటే ముఖ్యమైనది నివారణ ఆలోచన. యాంటీబాడీలు ఉండి, కీళ్లలో నొప్పి ఉన్నా ఇంకా వాపు స్థిరపడని వారికి అబాటసెప్ట్ ఇస్తే పూర్తిస్థాయి వ్యాధి రావడం ఆలస్యమవుతుందని 2024లో లాన్సెట్‌లో వెలువడిన రెండు ప్రయోగాలు చూపాయి. మందు ఆపిన తర్వాత ఆ రక్షణ క్రమంగా సడలింది. అయినా, జబ్బు ముదిరే దాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదని తేలడం ఆశావహమైన సంగతి.

పాఠకులు గుర్తుపెట్టుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అమ్మకో నాన్నకో ఈ వ్యాధి ఉన్నంత మాత్రాన డబ్బు పెట్టి జన్యుపరీక్ష చేయించుకోనక్కరలేదు. దానితో చేయగలిగింది ఏమీ లేదు. అటువంటి కుటుంబంలోని వారు సిగరెట్, బీడీ, చుట్ట మానేయడం మాత్రం నేడే చేయగల పని. పొద్దున్నే లేచాక వేళ్లు, మణికట్లు గంటకు పైగా బిగుసుకుపోయి, కీళ్లలో వాపు ఆరు వారాలు దాటినా తగ్గకపోతే, నొప్పి మాత్రలతో నెట్టుకురాకుండా రుమటాలజిస్టును కలిసి, రుమటాయిడ్ ఫ్యాక్టర్‌తోపాటు యాంటీ-సీసీపీ అనే సిట్రులిన్ యాంటీబాడీ పరీక్ష కూడా చేయించుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది. మొదటి కొన్ని నెలల్లో సరైన మందు మొదలుపెడితే వేళ్లు వంకరపోకుండా కాపాడుకోవచ్చు, ఒకసారి ఎముక అరిగాక దాన్ని తిరిగి తెచ్చే మందు లేదు.